గుంట లేని బూరె

చిన్న నీటిపారుదల శాఖ నుంచి నన్ను డిప్యుటేషన్ మీద సంప్రదాయ మధుర పదార్థాల నవీకరణ మండలికి పంపించినప్పుడు మా సెక్షన్ వాళ్ళంతా కుళ్ళుకున్నారు. "బూరెల బుట్టలో పడ్డావోయ్ సాంబమూర్తీ" అన్నారు. పడ్డమాట నిజమే. ఆ బుట్టలో బూరె తిన్నవాడికి చోటుండదని తరవాత తెలిసింది.

మండలి ఆశయం గొప్పది. మన మిఠాయిలు చేతికి అంటుకుంటాయి, కారతాయి, వేడిమీదే బాగుంటాయి, రెండ్రోజులుంటే పాడవుతాయి. అందువల్ల ప్రపంచం ముందు మనం తలెత్తుకోలేకపోతున్నామని ప్రభుత్వం వారికి ఎవరో చెప్పారు. కాబట్టి పరమాన్నం, జున్ను, బొబ్బట్టు, బూరె అన్నింటినీ గోర్మే కుకీలుగా, అంటే దొరల తరహా ఖరీదు కుకీలుగా మార్చెయ్యాలి. బిస్కెట్లు అనకూడదు. మొదటిరోజే నేను నోరుజారి బిస్కెట్ అంటే సభ్య కార్యదర్శి పరాంకుశం గారు నన్ను పక్కకి పిలిచారు.

"చూడు సాంబమూర్తీ. టీలో ముంచుకునేది బిస్కెట్టు. టీ పక్కన పెట్టుకుని మాట్లాడుకునేది కుకీ. ఈ తారతమ్యం ఎరగని సూపరింటెండెంటు ఈ భవనంలో సంచరించడం మండలి ప్రతిష్ఠకు భంగకరం."

సరేనండీ అన్నాను. అనక చస్తానా?

మండలికి చైర్మన్ మేడూరి చక్రధరరావు గారు. ఆయన ఉద్యోగం నుంచి విరమించి చాలాకాలమైంది గానీ పదవులే ఆయన్నుంచి ఇంకా విరమించలేదు. మనిషి భారీ, గొంతు భారీ, బొటనవేలు మరీ భారీ. ఏ కాగితం మీద సంతకం పెట్టినా, పెట్టాక దాని మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కందే వదిలేవారు కాదు. ఆయన కింద ఒక మాజీ ప్రిన్సిపాలు గారు, ఒక ఆడిటరు గారు సభ్యులు. కుకీలు తయారుచేసే బాధ్యత డాక్టర్ అవంతిక గారిది. ఆవిడ ఢిల్లీలో పుట్టి, ఎక్కడో మంచు కురిసే దేశంలో కుకీల మీద డాక్టరేటు చేసి వచ్చింది. హోదా 'రుచి శిల్పి'. పాపం, మంచి పిల్ల. పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు మాట్లాడేది.

భవనానికి ఎదురుగా, రోడ్డవతల మంగతాయారు గారి బూరెల బండి ఉంటుంది. ఊరందరికీ ఆవిడ తాయారు పిన్ని. భర్త పోయినప్పటినుంచీ ఆవిణ్ణీ, మంచాన పడ్డ ఆవిడ అక్కగారినీ పోషిస్తున్నది ఆ బండీ, దానిమీది బూరెల మూకుడూను. సాయంత్రమయ్యేసరికి మూకుడు పొయ్యెక్కుతుంది. శనగపప్పూ బెల్లమూ యాలకులూ కలిసిన పూర్ణం వాసన రోడ్డు దాటి వచ్చి మా ఫైళ్ళమీద కూర్చుంటుంది. ఆకులో రెండు బూరెలు వేసి చేతికిస్తుంది. పక్కన నెయ్యి గిన్నె ఉంటుంది. తినేవాడు బొటనవేలితో బూరె నడినెత్తిన చిన్న గుంట చేసుకుని, అందులో చెంచాడు నెయ్యి పోసుకుని, కారిపోకముందే నోట్లో పెట్టుకుంటాడు. ఈ విద్య మా జిల్లాలో ఎవరూ ఎవరికీ నేర్పరు. పుట్టిన పిల్లాడికి పళ్ళొచ్చేసరికి అదే వచ్చేస్తుంది.

నేను రోజూ ఆఫీసు వదలగానే అక్కడే ఆగేవాణ్ణి. నా జీవితంలో సంతోషం అనదగ్గది ఉంటే అది ఆ పావుగంటే.

మొదటి రుచి పరీక్షకి మండలివారు ఊళ్ళో పెద్దల్ని పిలిచారు. తెల్లకోట్లు తొడిగారు. నాలుక శుద్ధి కోసమని గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలింపించారు. తరవాత ఒక్కొక్కరి ముందూ పింగాణీ పళ్ళెంలో బూరె కుకీ పెట్టారు. పెళ్ళి వంటల వీరభద్రం అందులో సగం కొరికి, చాలాసేపు నమిలి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"బాగానే ఉందండి. ఇది అయ్యాక బూరె పెడతారాండీ?"

మిగతావాళ్ళూ కొంచెం అటూ ఇటూగా అదే అన్నారు. ఒకావిడయితే రెండోసారి పుక్కిలించడానికి నీళ్ళడిగింది.

మర్నాడు సమీక్షా సమావేశం. చైర్మన్ గారు బల్లమీద వేళ్ళు ఆడిస్తూ చాలాసేపు ఆలోచించి, సమస్య మూలం పట్టేశారు.

"లోపం కుకీలో లేదు. లోపం పరీక్షకుల్లో ఉంది. వీరంతా ఇదివరకే బూరె తిన్నవారు. బూరె పట్ల వారికి పూర్వానురాగం ఉంది. ఒక కక్షిదారుకి బంధువైనవాడు న్యాయమూర్తి పీఠం ఎక్కవచ్చునా?"

"ఎంతమాత్రమూ వీల్లేదు" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"అయితే బూరె తిన్నవాడు బూరె కుకీని తీర్పు చెప్పవచ్చునా?"

నాకు నవ్వొచ్చింది గానీ దగ్గు కింద మార్చేశాను. పరాంకుశం గారు అప్పటికప్పుడే నిబంధన రాసేశారు. దాని పేరు 'పూర్వరుచి నిబంధన'. ఏ మిఠాయిని ఆధారం చేసుకుని కుకీ తయారైందో ఆ మిఠాయిని పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా రుచి చూసినవాడు ఆ కుకీని పరీక్షించడానికి అనర్హుడు. ఉల్లంఘించినవారి పదవి, కారు, గౌరవ వేతనం తక్షణం రద్దు.

ఇక ఊరంతా గాలించినా బూరె తినని పెద్దమనిషి దొరకలేదు. దొరకడు కదా మరి! చివరికి సభ్యులే త్యాగానికి సిద్ధపడ్డారు. పరీక్షకులుగా తామే ఉంటామని, తాము బూరె ఎరగమని ప్రమాణం చేశారు. చైర్మన్ గారు చిన్నతనంలో తనకి ఒంట్లో బాగుండేది కాదనీ, పెద్దయ్యాక తీరిక లేదనీ, తన పెళ్ళిలో సరిగ్గా బూరెలు వడ్డించేవేళకి పైనుంచి ఫోనొచ్చిందనీ చెప్పారు. ప్రిన్సిపాలు గారింట్లో బూరెల ఆనవాయితీ లేదట. ఆడిటరు గారు ఒక్కరే కాస్త తడబడ్డారు.

"తిన్నానేమో... జ్ఞాపకం లేదు" అన్నారు.

"జ్ఞాపకంలో లేని భోజనం నిబంధనల దృష్ట్యా జరగనట్టే లెక్క" అని పరాంకుశం గారు ఆయన్ని ఒడ్డున పడేశారు.

ఈ ముగ్గురి పెళ్ళిళ్ళూ మా జిల్లాలోనే జరిగాయి. బూరె లేకుండా మా జిల్లాలో పెళ్ళా? వియ్యపురాళ్ళు మండపం పీకి పందిరేస్తారు. సూపరింటెండెంటు నాలుకతో మండలికి పని లేదు కాబట్టి నన్నెవరూ ప్రమాణం అడగలేదు. అడక్కపోవడమే మంచిదని ఊరుకున్నాను.

ఆ గుంపులో నిజంగా బూరె ఎరగనిది అవంతిక గారొక్కతే. తను కూడా ఎన్నడూ తినకుండా ఫోటోలు చూసి కుకీ చెయ్యాలని ఆవిడకి షరతు పెట్టి, ఆవిడచేతా ప్రమాణం చేయించారు. ఆవిడకి ఎక్కడో పెళ్ళి విస్తరి ఫోటో ఒకటి దొరికింది. అందులో బూరెకి నడినెత్తిన గుంట ఉంది. నెయ్యి ఇంకా పొయ్యలేదు కాబోలు, ఖాళీగా ఉంది.

"ఈ గర్తము యొక్క తాత్పర్యమేమి?" అని అడిగింది సమావేశంలో.

తెలుసని చెప్పినవాడు తిన్నట్టు లెక్క. ముగ్గురు సభ్యులూ పైకప్పు కేసి చూశారు. చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.

"అది మన వారసత్వ చిహ్నం. పూర్ణమైన దానిలో సైతం ఒక శూన్యం ఉంటుందనే ప్రాచీన భావన. దాన్ని కుకీలో యథాతథంగా నిలబెట్టాలి."

అవంతిక గారు శ్రద్ధగా రాసుకుంది. ఆ గుంట ఎంత లోతు ఉండాలో, ఎంత వెడల్పు ఉండాలో అంచనా వెయ్యమని ఫైలు నాకొచ్చింది. నీటిపారుదల శాఖ వాణ్ణి కదా, గుంటలు నాకే తెలియాలి.

"ఇందులోకి ఏం పారుతుందండీ?" అని అడిగాను పరాంకుశం గారిని.

"అది నీ పరిధిలోని అంశం కాదు."

నీళ్ళు రాని చెరువులకి అంచనాలు వెయ్యడం మా శాఖలో మామూలే కనక వేసిచ్చాను. కొలుచుకోవడానికి నా దగ్గర వేరే ఏముంది? నా బొటనవేలే కొలిచి ఆ కొలత రాసేశాను. దానికి తగ్గట్టు ఒక ఇనప పుల్ల కూడా చేయించారు, గుంటలో పెట్టి సరిచూడ్డానికి.

రెండో రుచి పరీక్ష దిగ్విజయంగా జరిగింది. చైర్మన్ గారు కుకీ కొరికితే హాలు వెనక వరసకి వినిపించింది. కళ్ళు మూసుకున్నారు.

"మొదటి కొరుకులో పచ్చటి చేలు. రెండో కొరుకులో సన్నాయి. అచ్చం బూరె!"

"ముమ్మాటికీ బూరే" అన్నారు ప్రిన్సిపాలు గారు.

ఆడిటరు గారు నోట్లోది మింగుడుపడక తలమాత్రం ఊపారు. పత్రికల అబ్బాయి ఒకడు లేచి, బూరె ఎప్పుడూ తిననివారికి ఇది అచ్చం బూరెలా ఉందని ఎలా తెలిసిందని అడిగాడు.

"తినలేదు కనకనే తెలిసింది నాయనా. తిని ఉంటే అనుమానం వచ్చేది కదా!" అన్నారు చైర్మన్ గారు. ఆ అబ్బాయి కూర్చున్నాడు. కుకీలిచ్చి పంపించారు.

అంతటితో ఆగి ఉంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. కానీ పరీక్ష నెగ్గిన కుకీకి ప్రమాణపత్రం ఇవ్వాలన్నారు. ప్రమాణం అంటే నిర్వచనం ఉండాలన్నారు. పరాంకుశం గారు తలుపులు వేసుకుని కూర్చుని బూరెని నిర్వచించారు. బూరె అనగా బల్లపరుపుగా, కరకరలాడుతూ, చల్లగా, చేతికి అంటని విధంగా, మధ్యభాగమున నిర్ణీత కొలతల గుంట గలిగి, మూడు మాసములు నిల్వ ఉండు పదార్థము. ఇందుకు భిన్నమైన లక్షణములు గల ఏ పదార్థమును 'బూరె' అని వ్యవహరించినను అది నకిలీ.

ఆ కాగితం టైపు చేయించింది నేనే. చివరి వాక్యం చదివాక కిటికీలోంచి రోడ్డవతలికి చూశాను. తాయారు పిన్ని పూర్ణం ముంచడానికి తోపు పిండి కలుపుతోంది.

మర్నాడే పరాంకుశం గారు ఇనప పుల్ల జేబులో పెట్టుకుని రోడ్డు దాటారు. వెనకాల నేను. తాయారు పిన్ని చిల్లుల గరిటెతో బూరెలు తీస్తోంది. ఎర్రగా, గుండ్రంగా, నూనె కారుతూ ఉన్నాయి. పరాంకుశం గారు ఒకటి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. వేడికి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.

"దీనికి గుంటేదమ్మా?"

"గుంట నేను పెట్టనండి బాబూ. తినేవాళ్ళే పెట్టుకుంటారు."

"అనగా గుంట అమర్చే బాధ్యతను నువ్వు వినియోగదారు మీదికి నెట్టేశావు. రాసుకో సాంబమూర్తీ."

"నెట్టడమేంటండి బాబూ? వేలు పెట్టుకుని నెయ్యి పోసుకుంటారు. తమరెప్పుడూ తినలేదా ఏంటి?"

పరాంకుశం గారు రెండడుగులు వెనక్కి వేశారు. "అటువంటి ప్రశ్నలు అడగకూడదు. ఇది వేడిగా ఉంది. మెత్తగా ఉంది. అంటుకుంటోంది. గుంట లేదు. ఎంతకాలం నిల్వ ఉంటుంది?"

"నిల్వా? దీపాలు పెట్టేసరికి అయిపోతాయండి."

"విన్నావా? నిల్వ సామర్థ్యం శూన్యం. అమ్మా, ఇది బూరె కాదు."

తాయారు పిన్ని గరిటె మూకుడు అంచుమీద టంగుమని కొట్టింది. "మా అత్తగారి చేతిమీదుగా వచ్చిన మూకుడండి ఇది. ఇన్నేళ్ళూ ఇందులో బూరెలే వేశాను. ఇవి బూరెలు కాకపోతే మరేంటండీ?"

"గుండ్రని తీపి వేపుడు పదార్థం" అన్నారాయన. "నీ బోర్డు మీద ఆ ప్రకారం మార్చుకోవాలి. నీ వాదన వినడానికి మండలి నిన్ను విచారణకి పిలుస్తుంది. వాదన నెగ్గకపోతే నకిలీ బూరెల తయారీకి ఉపయోగించిన బండి, మూకుడు జప్తు అవుతాయి."

ఆవిడ నాకేసి చూసింది. "నువ్వు కూడా వాళ్ళతోనే వచ్చావా అబ్బాయ్?" అంది. భూమి చీలి అందులోకి పోతే బాగుండునని నాకనిపించింది. ఆ సాయంత్రం బండి దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

బోర్డు మీద 'బూరెలు' అన్న అక్షరాలకి సున్నం కొట్టి, మండలి వారే 'గు.తీ.వే.ప.' అని రాయించారు. జనం ఆ బోర్డు చూసి ఇదేదో కొత్త రోగమనుకుని అవతలనుంచే పోవడం మొదలెట్టారు. పాతవాళ్ళు మటుకు వచ్చి, "పిన్నీ, నాలుగు గుండ్రని వేపుళ్ళు" అని నవ్వుతూ అడిగేవారు. ఆవిడకి నవ్వు వచ్చేది కాదు. పిండి సగానికి సగం తగ్గించేసింది. విచారణకి ముందురోజు నేను సిగ్గు విడిచి వెళ్ళాను.

"రేపు మూకుడు పట్టుకుపోతారా అబ్బాయ్?" అనడిగింది.

"మీరు అక్కడ గట్టిగా మాట్లాడండి పిన్నీ. తింటే పదవులు పోతాయని వాళ్ళు తిని చూడరు."

"మాట్లాడితే వినే మొహాలా అవి? వేడివేడిగా నాలుగు వేసి పట్టుకొస్తా. వాళ్ళు తినరనేగా నువ్వనేది? తినకపోతే మానె. ఒట్టి చేతులతో ఎవరింటికీ వెళ్ళడం నాకు అలవాటు లేదు."

విచారణ మండలి సమావేశ మందిరంలోనే పెట్టారు. బల్లకి ఒక కొసన బూరె కుకీ, వెల్వెట్ గుడ్డ మీద. రెండో కొసన తాయారు పిన్ని తెచ్చిన స్టీలు డబ్బా, పక్కన నెయ్యి గిన్నె. డబ్బా మూత తియ్యగానే ఏసీ గదంతా పెళ్ళివారిల్లయిపోయింది. ఆడిటరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. వాసన చూడటం పూర్వరుచి కిందకి వస్తుందా అని ప్రిన్సిపాలు గారు సందేహం లేవదీశారు.

"ఉద్దేశపూర్వకంగా పీలిస్తే వస్తుంది. ఊపిరి తీసుకునేటప్పుడు దానంతట అది వస్తే రాదు" అని పరాంకుశం గారు తేల్చారు. ప్రిన్సిపాలు గారు ఊపిరి తీసుకోవడం ఎక్కువ చేశారు.

"విచారణ మొదలుపెడదాం" అన్నారు చైర్మన్ గారు. "ఏమ్మా, నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?"

"ఏముంటదండి బాబూ? మీరు తిని చెప్పండి. బూరె కాదని మీ నోటితో అంటే మూకుడు నేనే తెచ్చి మీ గుమ్మంలో పెడతాను."

"అక్కడే వచ్చింది చిక్కు. తింటే మేము అనర్హులం. తిననివారే తీర్పరులు. కాబట్టి కేవలం దృశ్య పరిశీలన జరుపుతాం." ఆయన ఒక బూరె చేతిలోకి తీసుకుని, లేచి నిలబడి, ఉపన్యాసం అందుకున్నారు. "సభ్యులారా! బూరె అంటే కేవలం ఒక తినుబండారం కాదు. అది ఒక జాతి ఆత్మ. ఆత్మకి ఒక ఆకారం కావాలి. ఆకారానికి ఒక ప్రమాణం కావాలి..."

ఆయన మాటలు ఆయన మాట్లాడుకుంటున్నారు. ఆయన చెయ్యి దాని పని అది చూసుకుంటోంది. బూరె ఎడమచేతి మూడు వేళ్ళమీద కూర్చుంది. కుడిచేతి బొటనవేలు మెల్లగా వచ్చి, దాని నడినెత్తిన ఆగి, ఒక్క నొక్కు నొక్కింది. పైపొర సుతారంగా విరిగింది. పొగ వచ్చింది. "...ప్రమాణం లేని జాతి ఏమవుతుంది?" అంటూనే ఆయన చెయ్యి చాపి నెయ్యి గిన్నెలో చెంచా అందుకుని, చెంచాడు నెయ్యి తీసి, ఒక్క చుక్క కింద పడకుండా గుంటలో పోశారు.

చైర్మన్ గారికి నాలుగు మాటల తరవాత అనుమానం వచ్చి కిందకి చూసుకున్నారు. ఆ బొటనవేలు ఎవరిదో అన్నట్టు చూశారు దానికేసి.

అవంతిక గారు కుర్చీలోంచి లేచింది. "నెయ్యి పోయడానికా?" అంది, ఎవరినీ కాదు, ఆ గుంటనే అడుగుతున్నట్టు. "ఇన్ని మాసములు... నేను దానిలో శూన్యమును ఉంచితిని."

తాయారు పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అలవాటైన చెయ్యేనండి బాబూ. గుంట సరిగ్గా నడిమధ్యన పడింది. కానివ్వండి, నెయ్యి కారిపోతుంది" అంది.

నిజంగానే కారుతోంది. మోచెయ్యి దాకా వచ్చేసింది. ఇంకేం చేస్తారు? నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఈసారి పచ్చటి చేలూ లేవు, సన్నాయిలూ లేవు.

పదవీ కారూ రెండూ ఆ బూరెతోపాటు గొంతులోకి దిగిపోయాయని నేననుకున్నాను. నా మనసు ఆనందంతో గంతులేసింది. కానీ పరాంకుశం గారిని నేను తక్కువ అంచనా వేశాను. ఆయన కంగారు పడకుండా ఇంకో బూరె తెచ్చి చైర్మన్ గారి ముందు పెట్టి, "తమరి బొటనవేలు మరొక్కసారి" అన్నారు. గుంట పడింది. ఇనప పుల్ల పెట్టి చూశారు. అతికినట్టు సరిపోయింది. బొటనవేలు ఎంత భారీదైనా బూరె మీద పెట్టే గుంట మా జిల్లాలో అందరిదీ ఒకటే కొలత!

"సభ్యులారా, గమనించండి. మండలి అధ్యక్షుల అధికారిక బొటనవేలి చర్యచేత ఈ పదార్థం ప్రమాణానికి లోబడింది. ప్రమాణానికి లోబడినది మన నిర్వచనం ప్రకారం కుకీతో సమానం. కుకీని తినడానికి మన నిబంధనల్లో ఏ ఆటంకమూ లేదు. చైర్మన్ వారు తిన్నది కుకీ."

"మరి వేడి? మెత్తదనం?" అని నసిగారు ఆడిటరు గారు, డబ్బాలోకి చూస్తూ.

"గుంట ముఖ్యం. మిగతావి సడలించవచ్చు."

సడలించారు. సభ్యులిద్దరూ చెరో బొటనవేలు చాపారు. ఇంట్లో ఆనవాయితీయే లేని ప్రిన్సిపాలు గారు గుంటని కొంచెం ఓరగా చేశారు, నెయ్యి రెండు చెంచాలు పట్టేలాగ. అది చాలా అనుభవం మీద గానీ రాదు.

తీర్మానాలు గంటలో టైపయ్యాయి. ఒకటి: మంగతాయారు గారి పదార్థాన్ని బూరెగా గుర్తించడమైనది, అయితే విక్రయానికి ముందు ప్రతి బూరెకూ అధికారిక బొటనవేలిచేత గుంట పడవలెను. మూకుడు జప్తు ప్రతిపాదన విరమించడమైనది. రెండు: అందునిమిత్తం 'బొటనవేలి అధికారి' అనే ఉద్యోగం సృష్టించి, గుంటల విషయంలో పూర్వానుభవం దృష్ట్యా సాంబమూర్తిని నియమించడమైనది. మూడు: బూరె తినే విధానాన్ని కళ్ళారా చూసి, దానిలోని నెయ్యి రహస్యాన్ని తెలుసుకున్నందున డాక్టర్ అవంతిక పూర్వరుచి నిబంధన ప్రకారం అనర్హురాలు. సేవలు నేటితో సమాప్తం.

ఆ గదిలో అబద్ధం చెప్పకుండా ప్రమాణం చేసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిణ్ణే పంపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి ఆవిడ సంచి మోసిపెట్టడం తప్ప నేను చేసిందేమీ లేదు. రోడ్డు దాటాక తాయారు పిన్ని ఆవిణ్ణి ఆపి, ఆకులో రెండు వేసి చేతికిచ్చింది. వేలు ఎక్కడ పెట్టాలో చూపించబోయింది. "నాకు ఎరుకే" అంది ఆ పిల్ల, కళ్ళు తుడుచుకుని, బొటనవేలు చాపుతూ.

మర్నాడు సాయంత్రం నేను డ్యూటీలో చేరాను. బోర్డు మీద 'బూరెలు' మళ్ళీ వచ్చింది. బండి పక్కన నాకో కుర్చీ, బల్ల. తాయారు పిన్ని మొదటి వాయి తీసింది. నేను ప్రభుత్వం తరఫున బొటనవేలు చాపాను.

"చెయ్యి కడుక్కున్నావా?" అంది పిన్ని.

కడుక్కునే వచ్చానన్నాను. గుంట పెట్టాను. వరసలో మొదట నిలబడ్డది రిటైరైన పోస్ట్‌మాస్టరు గారు. ఆకులో బూరె చూసుకుని మొహం చిట్లించారు.

"ఎవడి వేలో పెట్టిన బూరె నేను తినాలా? ఛీ! వద్దమ్మా తాయారూ, నీ బూరెలూ వద్దు, ఏమీ వద్దు" అని ఆకు బల్లమీద పెట్టేసి వెళ్ళిపోబోయారు. ఆయన వెనకాల ఉన్నవాళ్ళూ కదలబోయారు. పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. సున్నం కొట్టి చెయ్యలేని పని నా బొటనవేలు ఒక్క పూటలో చేసెయ్యబోతోందని నాకర్థమైంది.

ఎప్పుడూ లేనిది బుర్ర పనిచేసింది. పరాంకుశం గారి దగ్గర ఇన్నాళ్ళు ఊరికే పనిచేశానా? లేచి నిలబడ్డాను.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా" అన్నాను గట్టిగా, "బొటనవేలి అధికారికి సంక్రమించిన సమస్త అధికారాలూ, ఒక్కొక్క బూరె నిమిత్తం, ఆయా బూరె తినబోవు వ్యక్తికి బదలాయించడమైనది. పోస్ట్‌మాస్టరు గారూ, ఇదిగో కొత్త బూరె. దీనికి మీరే అధికారి. మీ వేలు మీరు పెట్టుకోండి."

పోస్ట్‌మాస్టరు గారు నన్ను ఎగాదిగా చూశారు. "చిన్నప్పట్నుంచీ ఆ పనే కదయ్యా చేస్తున్నది!" అని, గుంట చేసుకుని, నెయ్యి పోసుకుని, నోట్లో పెట్టుకున్నారు. వరస కదిలింది.

ఇదంతా జరిగి చాలా రోజులైంది. మండలి క్షేమంగా ఉంది. కుకీ ఎగుమతికి సిద్ధంగా ఉంది గానీ, దాని గుంటలో ఏం పొయ్యాలో ఇంకా తేలలేదు. ఆ విషయం పరిశోధించడానికి బూరె ఎరగని నిపుణులు కావాలని ప్రకటన వేశారు. చైర్మన్ గారి కారు మాత్రం రోజూ సాయంత్రం బండి దగ్గర ఆగుతుంది, కుకీల తనిఖీకి. నేను కుర్చీలో కూర్చునే ఉంటాను.

"అందరి వేళ్ళూ వాళ్ళే పెట్టుకుంటున్నారు. మరి నీకు జీతం ఎందుకిస్తున్నారు అబ్బాయ్?" అనడిగింది తాయారు పిన్ని మొన్న.

"నా వేలు పెట్టకుండా ఉన్నందుకు పిన్నీ" అన్నాను.

"మంచి ఉద్యోగమే. మీ వాళ్ళందరికీ అదే ఇప్పించరాదూ" అని, ఆకులో నాకు రెండు వేసింది.